లాకప్‌లో టేబుల్ ఖాళీ లేదు

కటకటాల వెనక మండీ. బొమ్మ రైలు మోసుకొచ్చే బిర్యానీ. రెక్కలు ఊడదీసిన విమానంలో భోజనం. స్నేహితులతో కలిసి కారులో బయల్దేరితే ఆకలి కన్నా ముందు కుతూహలమే బండి ఆపిస్తున్న రోజులివి. వేషాలేసుకున్న హోటళ్ల వెంట ఓ ప్రయాణం.

హైదరాబాద్ నుంచి విజయవాడ దారి పట్టిన కారులో పంతంగి టోల్ దాటగానే పంచాయితీ మొదలవుతుంది. టిఫిన్‌కి ఎక్కడ ఆపాలి? ఒకరికి నెయ్యి కారప్పొడి ఇడ్లీ కావాలి. ఒకరు పొద్దున్నే ఏమీ తినరు, చాయ్ దొరికితే చాలు. ఒకరికి తిండి సంగతి తర్వాత, ముందు బాత్రూమ్ శుభ్రంగా ఉండాలి. ఇంకొకరు వెనక సీట్లో ఫోన్ తీసి రేటింగులు చదువుతుంటారు. చదవడం అయ్యేలోపు ఆ హోటల్ కాస్తా వెనకబడిపోతుంది. యూటర్న్ తీసుకుందామా అన్నవాణ్ని మిగతావాళ్లు ఊరు చేరేదాకా వదలరు. చివరికి సూర్యాపేటలో, ఎవరికీ పెద్దగా ఇష్టంలేని చోట, అందరూ రాజీపడి దిగుతారు.

మారేడుమిల్లి బయల్దేరిన మా కారులోనూ ఇదే తంతు. కాలేజీ రోజుల నుంచి ఒకరి పరువు ఒకరు తీసుకుంటూ వస్తున్న నలుగురం. స్టీరింగ్ పట్టుకున్నవాడిదే కారు, కాబట్టి పాటలూ ఏసీ ఆగే చోటూ అన్నీ వాడి చిత్తం. వాడి పక్కన కోర్టుల చుట్టూ తిరిగే లాయరు, మా అందరికీ ఆమె లాయరమ్మ. వెనక నేనూ, పుట్టు శాకాహారి అయిన ఓ బ్యాంకు ఉద్యోగీ. సూర్యాపేట రాజీ అయిపోయింది. విజయవాడ ట్రాఫిక్ తినాల్సిన టైము తినేసింది. మధ్యాహ్నం భోజనం దగ్గర మళ్లీ పేచీ మొదలవబోతుండగా ఏలూరు దాటాక ఎడమ పక్కన ఎత్తయిన రాతి గోడ, దాని మీద ముళ్లతీగ, నల్లటి ఇనుప గేటు, పైన బారెడు అక్షరాలతో ‘జైలు’ అన్న బోర్డు. గేటు పక్కనే పొగలు కక్కే పళ్లెం బొమ్మ.

“ఆపరా ఆపు!” నలుగురి నోటా ఒకే మాట. ఆపాల్సినవాడు కూడా అరిచాడు.

పది సెకన్ల బేరం

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. 300 మీటర్ల అవతల ఓ బోర్డు కనబడిందనుకుందాం. దాన్ని చదవడానికి, వెనక సీటును అడగడానికి, ఇండికేటర్ వేసి ఎడమకు రావడానికి ఉన్న వ్యవధి పది పదకొండు సెకన్లు. అంతలో పులుసు రుచి గురించి ఏ బోర్డు ఒప్పించగలదు? మసాలా మేమే దంచుకుంటామని ఎవరు చెప్పగలరు? ఊళ్లో హోటలుకి రోజూ వచ్చేవాళ్లుంటారు, వంట బాగుంటే ఆ మాట వీధులు దాటి పాకుతుంది. హైవే హోటలు ముందు నుంచి వెళ్లేవాడు మళ్లీ ఎప్పుడు ఆ దారిన వస్తాడో వాడికే తెలీదు. పట్టుకుంటే ఆ పది సెకన్లలోనే పట్టుకోవాలి. జైలు గోడనో, రైలింజన్‌నో, విమానం తోకనో చదవక్కర్లేదు. కనబడితే చాలు.

రోడ్డు మీద పోయేవాణ్ని ఇలా ఆపడం అమెరికావాళ్లు కార్లు కొనడం మొదలెట్టిన కాలం నాటి విద్య. 1926లో లాస్ ఏంజెలెస్‌లో తెరిచిన ‘బ్రౌన్ డెర్బీ’ హోటల్ కట్టడమే ఒక పెద్ద గుండ్రటి టోపీ. టోపీలోకి వెళ్లి భోంచేసి రావడమన్నమాట. సౌత్ కరోలినా సరిహద్దులో ‘సౌత్ ఆఫ్ ది బోర్డర్’ అనే మజిలీ 1949లో చిన్న బీరు దుకాణంగా మొదలైంది. మెల్లగా మెక్సికో వేషం తగిలించుకుని, ఐ-95 రహదారి పొడవునా ఎన్నో మైళ్ల ముందు నుంచే బోర్డులతో ఊరిస్తూ పెద్ద సంబరంగా మారింది. న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడాకి పిల్లల్ని వెనక సీట్లో వేసుకుని వెళ్లే మనవాళ్లకు ఆ బోర్డుల గోల తెలుసు. వాటిని దాటుకుంటూ వచ్చిన పిల్లలు అక్కడ ఆపించకుండా ఊరుకోరు.

టెక్సస్‌లోని అమరిల్లోలో ‘బిగ్ టెక్సన్’ది ఇంకో దారి. 1960లో రూట్ 66 పక్కన పెట్టారు. 72 ఔన్సుల గొడ్డు మాంసం ముక్క, అంటే రెండు కిలోల పైమాటే, దాంతోపాటు ఇచ్చే రొయ్యలు, ఉడికించిన బంగాళాదుంప, సలాడ్, బ్రెడ్డు అన్నీ గంటలో ఊడ్చేస్తే బిల్లు ఉండదు. పోటీకి దిగినవాణ్ని ఎత్తు మీద కూర్చోబెట్టి, పక్కన గడియారం తిప్పుతారు. గెలిచినవాడు ఉచితంగా తిన్నది చూడ్డానికి ఆగినవాళ్ల బిల్లుల్లో ఎప్పుడో వచ్చేసి ఉంటుందని నా అనుమానం.

వేషాల హోటళ్లు అంతకుముందూ లేకపోలేదు. 1892లోనే పారిస్‌లోని మోమార్త్ర్‌లో ‘నరకం’ పేరుతో ఒక క్యాబరే నడిచింది. నోరు తెరుచుకున్న రాక్షసుడి ముఖమే దానికి గుమ్మం, వడ్డించేవాళ్లది దెయ్యాల వేషం. పక్కింట్లో ‘స్వర్గం’. ఆ దగ్గర్లోనే ఇంకొకటి, అందులో బల్లలకు బదులు శవపేటికలు. జైలు హోటళ్లు చూసి కాలం చెడిపోయిందనే పెద్దమనుషులు నూట ముప్ఫై ఏళ్లు ఆలస్యంగా వచ్చినట్టు లెక్క.

బెయిలా, సరెండరా?

మేం ఆగిన జైలుకి పెద్ద గేటు, అందులో ఒక చిన్న తలుపు. ఎంతటివాడైనా తల వంచి లోపలికి వెళ్లాల్సిందే. అవతల ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకున్న కుర్రాడు సెల్యూట్ కొట్టి, “ఎంతమంది సార్? బెయిల్ మీద వచ్చారా, సరెండరా?” అన్నాడు. రోజుకెన్నిసార్లు అంటాడో. మాకు మొదటిసారి కాబట్టి పగలబడి నవ్వాం.

ఆదివారం కావడంతో లాకప్‌లన్నీ నిండిపోయాయి. జైల్లో చోటు కోసం టోకెన్ తీసుకుని బల్ల మీద కూర్చున్నాం. ఆ ఖాళీ టైము కూడా వృథా పోనివ్వరు. ఒక గోడకి ఎత్తు కొలిచే గీతలున్నాయి. ముందు నిలబడి, చేతిలో నంబరు పలక పట్టుకుని ఫొటో దిగాలి. పలకలు చాలానే ఉన్నా 420 ఉన్న పలక కోసం వరస కట్టారు. జీవితంలో ఒక్క చెక్కు కూడా బౌన్స్ కానివ్వని మా బ్యాంకువాడు ఆ పలక పట్టుకుని, లేని మీసం మెలేసి, ఆ ఫొటోని ఆఫీసు గ్రూపులో పెట్టాడు. రెండు నిమిషాల్లో మేనేజరు నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. అది మెచ్చుకోలో హెచ్చరికో మారేడుమిల్లి చేరేదాకా వాడికి అంతుపట్టలేదు.

పిలుపొచ్చింది. మూడు వైపుల సున్నం రాలినట్టు రంగు వేసిన గోడ, ముందు ఇనుప ఊచలు, కింద పరుపులు, మధ్యలో పొట్టి బల్ల. గోడ మీద బొగ్గుతో గీసినట్టు రోజుల లెక్క, నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. కుర్రాడు తలుపు మూసి గొళ్లెం పెట్టి, “ఏదైనా కావాలంటే ఊచలు కొట్టండి సార్” అని వెళ్లిపోయాడు. తాళం మాత్రం ఉత్తుత్తిదే.

చుట్టూ చూస్తే నాకు వేరే సంగతి తోచింది. మన ఊళ్లలో పాతకాలం హోటళ్లలో ‘ఫ్యామిలీ రూమ్’ అని ఉండేది గుర్తుందా? ప్లైవుడ్ గోడలు, ముందు వేలాడే మురికి కర్టెన్, పైన చప్పుడు చేసే ఫ్యాను. ఆడవాళ్లతో వస్తే అందులోకి పంపేవాళ్లు. ఎవరికీ కనబడకుండా తినడానికి చేసిన ఏర్పాటు అది. ఈ లాకప్ దానికి మనవడు. నలుగురు స్నేహితులకు సొంత గది, ఇష్టమొచ్చినంత గోల చేసుకోవచ్చు. కాకపోతే కర్టెన్ పోయి ఊచలొచ్చాయి. ఇప్పుడు తినేవాళ్లకు కనబడటమే కావాలి. ఎదురు లాకప్‌లో పుట్టినరోజు చేసుకుంటున్న కుర్రకారు కేకును ఊచల సందులోంచి మాకూ అందించారు. ఫ్యామిలీ రూములో అలాంటివి జరిగేవి కావు.

మెనూ కూడా అదే పాట పాడుతుంది. మిఠాయిల పేజీకి ‘విడుదల’ అని పేరు, బిల్లుకు ‘తీర్పు’. అడిగితే నలుగురికీ సరిపడా మటన్ మండీ సూచించారు. మండీకి జైలుతో సంబంధమేమీ లేదు. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వంటకం అది. మంట మీద ఉడుకుతున్న అన్నంలోకి పైనున్న మాంసం రసం బొట్లు బొట్లుగా దిగేలా గుంటపొయ్యిలో వండుతారు. నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి హైదరాబాద్‌లోని బార్కస్‌లో ఉంటుంది. బ్యారక్స్ అన్న మాటే నాలుక మీద నలిగి బార్కస్ అయింది. ఆ పేటలో పాతుకుపోయిన మండీ ఊరంతా పాకి, హైవేలెక్కి, ఇప్పుడు ఏలూరు దాకా వచ్చింది.

కానీ దీన్ని జైలుకు జోడించిన వ్యాపారి బుర్రకు దండం పెట్టాలి. జైల్లో ఎవరి పళ్లెం వారిది, అందుకే దానికి చిప్పకూడని పేరు. మండీ దానికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. ఒక్క పెద్ద పళ్లెం చుట్టూ అందరూ కూర్చుని, చేతులు కలుపుకుని తినాలి. మాలో ఆ భాగ్యం లేనిది శాకాహారికే. వాడి పనీర్ మండీ చిన్న పళ్లెంలో విడిగా వచ్చింది. “వీడికి ఏకాంత ఖైదు పడిందిరా” అన్నాడు కారువాడు. మటన్ ఎముక నుంచి దానంతటదే విడివడింది. అన్నంలో రంగు దండిగా ఉంది, వాసనే తక్కువ. టమాటా చట్నీ మాత్రం రెండోసారి, మూడోసారి అడిగి తెప్పించుకునేంత బాగుంది. మొత్తం మీద బాగానే తిన్నాం. ఆ వంట కోసం మళ్లీ వస్తామా అంటే, నాకు అనుమానమే. వేషం మొదటిసారి రప్పిస్తుంది. రెండోసారి పిలవాల్సింది వంటిల్లు. ఆ లాకప్‌లో మేం నవ్విన నవ్వుల్లో సగం కుర్రాడి జోకులకి, సగం మా పాత కథలకి. పాత కథలు ఏ హోటల్లోనైనా చెప్పుకోవచ్చు.

తింటూ తింటూ లాయరమ్మ లెక్క చెప్పింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లు సుమారు 5.73 లక్షలు. అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి శిక్ష ఇంకా ఖరారు కాలేదు. “ఇప్పుడు మన పరిస్థితీ అదే. తీర్పు వచ్చేదాకా ఎంత పడుతుందో తెలీదు” అంటూ ఊచలు కొట్టి బిల్లు తెమ్మంది.

ఖాకీ చొక్కా కుర్రాడు ఒడిశా వాడు. తెలుగు ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాడు. జనం కాస్త పలచబడ్డాక అడిగితే కబుర్లు చెప్పాడు. ఈ ఊచలన్నీ ఊళ్లో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపువాళ్లే బిగించారట. రీల్స్ కోసం లాఠీతో కొట్టమని బతిమాలేవాళ్లు ఉంటారు. కస్టమర్ల మీద లాఠీ ఎత్తకూడదని ఓనరు గట్టిగా చెప్పాడు. చిన్నపిల్లలు తలుపు వెయ్యగానే ఏడుస్తారు కాబట్టి పిల్లలున్న లాకప్‌కి గొళ్లెం పెట్టరు. “ఇంట్లోవాళ్లకి ఈ డ్రెస్‌లో ఫొటో పంపాను సార్. మా అమ్మ ఊరంతా పోలీసు ఉద్యోగం వచ్చిందని చెప్పేసింది. ఈసారి పండక్కి వెళ్తే ఏం చెప్పాలో తెలీట్లేదు.”

ఇంకోటి కూడా చెప్పాడు. అప్పుడప్పుడూ కొందరు గేటు దాకా వచ్చి, ఈ లాకప్‌లు వద్దు, బయట మామూలు టేబులుంటే వెయ్యండి అంటారట. అలాంటివాళ్ల కోసం వెనక నాలుగు టేబుళ్లు ఉంచారు.

“ఎందుకు వద్దంటారు?”

“అడగం సార్.”

నిజం జైళ్ల వంటిళ్లు

జైలు అనుభవాన్ని డబ్బుకి అమ్మడంలో ప్రభుత్వమూ వెనకబడలేదు. సంగారెడ్డిలో 1796 నాటి జైలు ఉంది. ఖైదీల్ని వేరే చోటికి తరలించాక తెలంగాణ జైళ్ల శాఖ దాన్ని మ్యూజియం చేసింది. 2016లో ‘ఫీల్ ద జైల్’ అని ఒక పథకం పెట్టింది. 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీగా ఉండనిచ్చేవాళ్లు. ఖద్దరు యూనిఫాం, స్టీలు పళ్లెం, గ్లాసు, సబ్బు ఇచ్చేవాళ్లు. తిండి జైలు మెనూ ప్రకారమే. అక్కడ 420 పలకలూ, కేకులూ ఉండేవి కావు. అప్పట్లో దేశవిదేశాల పత్రికలు ఆ వార్తను వింతగా రాశాయి. ఒక్కరోజు సెల్‌ఫోన్ లేకుండా ఉండటమే పెద్ద శిక్ష అనుకునేవాళ్లకి అది అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడైతే అసలు నచ్చదు.

నాకు అంతకన్నా ఆసక్తిగా అనిపించేది దీనికి అవతలి దిక్కు. హోటళ్లు జైలు వేషం వేస్తుంటే జైళ్లు హోటళ్లు నడుపుతున్నాయి. కేరళలో ఖైదీలు చేసే చపాతీ, కోడికూర చవగ్గా దొరికి, ఇళ్లకు కట్టించుకుపోయేంత పేరు తెచ్చుకున్నాయి. 2019లో త్రిశ్శూర్ దగ్గర వియ్యూర్ సెంట్రల్ జైలు బిర్యానీ భోజనాన్ని 127 రూపాయలకి స్విగ్గీలో పెట్టింది. లోపలివాళ్లు బయటికి రాలేకపోయినా వాళ్ల బిర్యానీ స్కూటరెక్కి వీధులు తిరిగింది. ఢిల్లీలో తిహార్ జైలు పక్కన 2014లో ఖైదీలే వండి వడ్డించే ఫుడ్‌కోర్టు తెరిచారు.

ఇంగ్లండ్‌లో ‘ద క్లింక్’ పేరుతో మొదటి హోటల్ 2009లో సర్రేలోని హై డౌన్ జైలు గోడల లోపల మొదలైంది. ఆ జైలు వంటశాల చూసుకునే అల్బెర్టో క్రీషి ఆలోచన అది. జైలు చెఫ్‌గా ఎన్ని వేలమందికి వండించినా, విడుదలైనవాళ్లకి బయట హోటళ్లలో పని దొరక్కపోతే లాభమేమిటన్నది దాని వెనకున్న లెక్క. అందుకని ఖైదీలకి వంటా వడ్డనా నేర్పి, చేతికి సర్టిఫికెట్ ఇచ్చి పంపుతారు. భోజనానికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి, గుర్తింపు కార్డు చూపాలి, ఫోన్ గేటు దగ్గరే ఇచ్చెయ్యాలి. కత్తులూ ఫోర్కులూ ప్లాస్టిక్‌వి. మద్యం లేదు. ఇటలీలో వోల్తెర్రా ఊరి కోటలో ఉన్న జైలు 2006 నుంచి ఖైదీలు వండే విందులకు బయటివాళ్లని పిలిచింది.

వీటన్నిటిలో నాకు నచ్చింది మిలాన్ దగ్గర బొల్లాతె జైలులో 2015లో తెరిచిన ‘ఇన్‌గలేరా’. పేరుకి అర్థమే ‘జైల్లో’ అని. నిజంగా జైలు లోపలున్న హోటల్ కదా, మరి గోడలకి ఏం పెట్టారనుకుంటున్నారు? జైలు సినిమాల పోస్టర్లు. అల్కట్రాజ్ నుంచి పారిపోయే సినిమా పోస్టరు కింద, శిక్ష అనుభవిస్తున్న మనిషి సూప్ తెచ్చి పెడతాడు. అంత హాస్యం మన జైలు హోటళ్లలో ఒక్కదానికీ రాలేదు. పేరు పెట్టినవాళ్లకి లోపలేముందో తెలుసు కాబట్టి వచ్చింది.

విమానం ఇరుక్కుపోయింది

జైలు ఒక్కటే కాదు, మనకి బండ్లన్నా మోజే. హైదరాబాద్‌లో ‘ప్లాట్‌ఫామ్ 65’లో వంటింటి నుంచి బొమ్మ రైళ్లు పట్టాల మీద గిన్నెలు మోసుకుంటూ టేబుల్ దగ్గరికి వచ్చి ఆగుతాయి. పిల్లలు తినడం మర్చిపోయి ఇంజన్ వెంటే మెడ తిప్పుతుంటారు, తల్లులు ఆ సందులో ముద్దలు కుక్కేస్తుంటారు. చెక్ రాజధాని ప్రాగ్‌లో ‘వీటోప్నా’ అనే చోట ఇలాంటి రైళ్లే బీరు గ్లాసులు తెస్తాయి. రైల్వేవాళ్లు కూడా ఊరుకోలేదు. పాత బోగీలను హోటళ్లు చేసే పని 2020లో ఆసన్‌సోల్ నుంచి మొదలెట్టారు, కాచిగూడ స్టేషన్ ఆవరణలోనూ ఒకటి పెట్టారు. కదలని బోగీలో, కిటికీ పక్కన, వేడివేడిగా భోజనం. కదిలే రైల్లో ఆ మూడూ కలిసి దొరికితే ఈ హోటలుకి గిరాకీ ఎక్కడిది?

విమానాల కథ ఇంకా గొప్పది. లూథియానాలో పాత ఎయిర్‌బస్ ఏ320ని హోటల్ చేసి ‘హవాయీ అడ్డా’ అని పేరు పెట్టారు. ఆ తోవలోనే హైదరాబాద్‌లోని ఒక హోటల్ సంస్థ కేరళలో పాత విమానాన్ని కొంది. 2022 నవంబరులో కొచ్చి నుంచి దాన్ని భారీ ట్రాలీ మీద రోడ్డు మార్గాన తెస్తుంటే, బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది. ఆకాశంలో తిరిగిన విమానం పొలాల మధ్య వంతెన కింద ఆగిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల జనం చూడ్డానికి ఎగబడ్డారు. చివరికి పోలీసుల సాయంతో బయటపడి ప్రయాణం సాగించింది. ఒక్క ప్లేటు ఇడ్లీ అమ్మకముందే ఇంత జనాన్ని ఆపిన హోటల్ ఇంకోటి ఉందా? ఉన్నపళంగా అక్కడే తలుపు తీసి చాయ్ అమ్మి ఉంటే బాగుండేదని కారువాడి అభిప్రాయం.

అన్నీ ఇలా తమాషాకేనా అంటే కాదు. స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ‘బ్లిండెకూ’ అనే హోటల్‌ను 1999లో చూపులేనివాళ్ల చొరవతో పెట్టారు. కటిక చీకట్లో తినాలి. హైదరాబాద్‌లోనూ ఇనార్బిట్ మాల్‌లో 2011లో ‘డైలాగ్ ఇన్ ది డార్క్’ మొదలైనప్పుడు దాని వెంట చీకటి భోజనం వచ్చింది. లోపల మన కళ్లు పనిచెయ్యవు. చూపులేని వడ్డనకారుడు మన చెయ్యి పట్టుకుని కుర్చీ చూపిస్తాడు, గ్లాసు ఎక్కడుందో చెబుతాడు. అక్కడ అతను ఆరితేరినవాడు, మనం తడుముకునేవాళ్లం. ముంబైలోని పొవైలో 2015లో పెట్టిన ‘మిర్చీ అండ్ మైమ్’లో వడ్డించేవాళ్లకి వినబడదు. మెనూలో ప్రతి వంటకం పక్కనా ఒక సైగ బొమ్మ ఉంటుంది. ఆకలేసినవాడు దాన్ని నేర్చుకుని తీరాలి. ఈ మూడుచోట్లా వేషం వేసుకునేది హోటల్ కాదు, వెళ్లినవాళ్లు.

పల్లె, ఎడ్లబండి చక్రం

మన హోటళ్లలో అన్నిటికన్నా ఎక్కువ కనబడే వేషం పల్లెటూరిది. గుమ్మంలో ఎడ్లబండి, గోడకి చేట, జల్లెడ, మూలన రోలు, లాంతరు లోపల ఎల్‌ఈడీ బల్బు. అహ్మదాబాద్‌లో సురేంద్ర పటేల్ 1978లో ‘విశాలా’ పెట్టినప్పుడు ఆ ఆలోచన దేశానికి కొత్త. లాంతర్ల వెలుగులో, కింద కూర్చుని, ఆకుల్లో గుజరాతీ భోజనం, పక్కన తోలుబొమ్మలో జానపదులో. ఆయన అక్కడితో ఆగలేదు. 1981లో అక్కడే ‘విచార్’ పేరుతో పాత్రల మ్యూజియం కట్టాడు. స్టీలు గిన్నెలు వచ్చాక తూకానికి అమ్ముడుపోతున్న ఇత్తడి, రాగి పాత్రల్ని ఊళ్లూళ్లూ తిరిగి పోగుచేశాడు. బిందెలు, అడకత్తెరలు, నీళ్ల కూజాలు, వేల సంఖ్యలో. భోజనం కోసం వచ్చినవాడు అరచెయ్యంత అడకత్తెర ముందు అరగంట నిలబడిపోతాడు. వెనకాల ఇంత పని ఉన్న వేషం కాబట్టే అన్ని దశాబ్దాలు నిలబడింది. మన హైవే పల్లెల్లో మటుకు ఎడ్లబండి చక్రాన్ని గోడకి మేకులు కొట్టి బిగించి, ఇంక పల్లె వచ్చేసిందనుకుంటారు. ఆ చక్రం అమ్మిన రైతు ట్రాక్టరు మీద ఆ హోటలు ముందు నుంచే వెళ్తుంటాడు.

రాజమండ్రి మీదుగా వెళ్తుంటే సెంట్రల్ జైలు ప్రస్తావన వచ్చింది. ఒక కేసు కోసం లాయరమ్మ అక్కడికి ములాఖత్‌కి వెళ్లి వచ్చేదట. ఆ గేటులో కూడా చిన్న తలుపు ఉంటుందా, వంగి వెళ్లాలా అని బ్యాంకువాడు అడిగాడు. “ఉంటుంది. సెల్యూటే కొట్టరు” అంది.

రంపచోడవరం దాటాక సిగ్నల్ పోయింది, రేటింగులు చదివే పని తప్పింది. మారేడుమిల్లిలో రోడ్డు పక్కన మంటలు, మంటల్లో ఏటవాలుగా ఆనించిన పచ్చటి బొంగులు. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని బొంగులో కూరి, మూతికి ఆకులు దట్టించి కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. పచ్చి వెదురులోని తేమే ముక్కను ఉడికిస్తుంది. ఇక్కడ కొండరెడ్లు ఎప్పటినుంచో వండుకుంటున్న పద్ధతి. ఇప్పుడు పట్నం హోటళ్ల మెనూల్లో ఇదే పెద్ద థీమ్. మా ముందున్న పొయ్యి దగ్గర బోర్డు లేదు, సెట్టింగు లేదు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక నీళ్ల క్యాను. మాకన్నా ముందే మూడు కార్లు ఆగి ఉన్నాయి.

బొంగులు తిప్పుతున్నావిడ మా బండి నంబరు చూసి అడిగింది. “హైదరాబాదా అన్నా? అక్కడ కూడా బొంగులో చికెన్ అమ్ముతున్నారంట కదా. బొంగు ఎక్కణ్నుంచి తెస్తారు?”

కారువాడు ఫోన్ తీసి, ఎప్పుడో దిగిన ఫొటో చూపించాడు. ఏసీ హాలు, గోడ నిండా వార్నిష్ కొట్టిన వెదురు, టేబుల్ మీద స్టాండు, దానిమీద నిలువుగా చీల్చిన బొంగులో చికెన్. ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది.

“ఇది ముందే ఎండింది అన్నా. కూర గిన్నెలో వండి ఇందులో పోసుంటారు. ఎండిన బొంగు మంటలో పెడితే అంటుకుంటది గానీ ఉడకదు.”

“మరి కాలిన బొంగు మళ్లీ వాడతారా అక్కా?” బ్యాంకువాడు అడిగాడు. వాడికి కావాల్సింది బొంగులో కూరగాయలు. అవీ విడిగానే కాలుతున్నాయి.

“ఒకసారి కాలిస్తే అయిపోయినట్టే. రేపటికి మళ్లీ కొట్టుకురావాల.” చీల్చిన బొంగును పక్కకు విసిరేసి, కొత్తదాని మూతిలో ఆకులు దట్టిస్తూ అడిగింది, “మీ నలుగురికీ ఒక కేజీ పెట్టమంటారా, ఒకటిన్నరా? కారం ఎక్కువైతే ముందే చెప్పాల.”

వెంటనే నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం.